హాఫ్ రాములు

ఆ వానకాలం నాలుగు నెలల్లో నా తమ్ముడితో నేను ఆడిన మాటలన్నీ ఏరితే పెద్దగా ఏమీ ఉండవు. అందులో సగం తిట్లు. మిగతావి "జరుగు", "ముట్టకు", "పో".

పందొమ్మిది వందల యాభై అయిదో సంవత్సరం. మృగశిర వచ్చి వారమైంది. మొదటి వానకు మా మెట్ట చెల్క పదునెక్కింది. నేను గొర్రు తోలుతున్నాను. నా భార్య మొగులమ్మ వెనక నడుస్తూ జొన్న విత్తనం పోస్తోంది. పటాన్‌చెరు దిక్కు నుంచి బండ్ల బాట మీద జీపు వచ్చింది. మా కర్దనూరు బాటలో జీపు కనబడిందంటే అది దొరదే. ఎడ్లు బెదిరాయి. పగ్గాలు బిగబట్టి నిలబడ్డాను.

జీపు మా గట్టు పక్కనే ఆగింది. తోలుతున్నది దొర కొడుకు, చిన్నదొర. పక్క సీట్లోంచి దిగినవాడు నా తమ్ముడు చిన్నరాములు. ప్యాంటు, బుష్షర్టు, చేతిలో రేకు పెట్టె. చిన్నదొర కిందికి వంగి వాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మా నాయిన ఆ ఇంటి గడప బయట చెప్పులు చేత పట్టుకుని నిలబడి బతికినవాడు. ఆయన కొడుక్కి ఇవాళ ఆ ఇంటివాడు చెయ్యి ఇస్తున్నాడు.

"అన్నా!" అంటూ గట్టు దాటి వచ్చాడు.

"ఎవల బండ్ల వచ్చినవురా?"

"చిన్నదొర పిలిపిచ్చిండే. సంగారెడ్డిల కొత్త ఫుట్‌బాల్ టీం పెట్టిండు. నన్ను కప్తాన్ చేస్తడట. నాకోసం షోలాపూర్ దాక మనిషిని తోలిండు, సూడు!"

వాడి మొహం వెలిగిపోతోంది. ముప్పై ఒకటి దాటినవాడు పెళ్ళిపిల్లగాడిలా నవ్వుతున్నాడు.

"పక్కకు జరుగు. విత్తనం తొక్కుతున్నవ్," అన్నాను.

నా కోపానికి కారణం ఉంది. ఆ ఎనిమిది ఎకరాలు దొర పట్టా. మా తాత కాలం నుంచి కౌలుకు చేస్తున్నది మేము. లెవీ ధాన్యం కోసం పోలీసులు ఊరిమీద పడ్డప్పుడు అడ్డం పోయినవాళ్ళలో నేనొకణ్ణి. రెండేళ్ళు సంగారెడ్డి జైల్లో ఉన్నాను. చదవడం, రాయడం నాకు అక్కడే వచ్చాయి. నేను లోపల ఉండగానే నాయిన పోయాడు. తమ్ముడు ఎక్కడి నుంచో వచ్చి మూడు రోజులు ఉన్నాడు. సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే కొత్త చట్టం కింద కౌలుదార్ల పేర్లు రాసుకునేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. జైల్లో ఉన్నవాడి పేరు రాయను అన్నాడు పట్వారీ. ఇంట్లో ఉన్న మగవాడు చిన్నరాములు. వాడి పేరే రాశారు. మరునాడు వాడు బస్సెక్కి పోయాడు.

అట్లా, నాగలి మేడి ఎట్లా పట్టుకోవాలో తెలియనివాడు కాగితంలో కౌలుదారు అయ్యాడు. దున్నేది నేను. ఆ కాగితం ఉన్నంతకాలం దొర మమ్మల్ని కదిలించలేడు. కాగితంలో ఉన్నవాడు తనంతట తాను తహసీల్దారు ముందుకు పోయి, నాకీ భూమి వద్దని రాజీనామా ఇస్తే తప్ప.

ఇప్పుడు ఆ కాగితంలో ఉన్నవాడే దొర జీపులో వచ్చి దిగాడు.

* * *

మా అమ్మ బీరమ్మకు చూపు సరిగా ఉండేది కాదు. కొడుకు వచ్చాడని తెలిసి వాడి మొహమంతా తడిమింది. తర్వాత కాళ్ళు తడిమింది. అక్కడ ఆగిపోయింది.

"గోర్లేవి బిడ్డా?"

రెండు కాళ్ళ బొటనవేళ్ళకూ గోళ్ళు లేవు. మడమల దగ్గర చర్మం చెప్పు తోలులా గట్టిపడి ఉంది.

"మొదట్ల ఉత్త కాళ్ళతోనే ఆడినం గదమ్మా. ఎదుటోడు బూట్లు వేసుకొస్తె గోర్లు ఉంటయా? ఇప్పుడు అందరు బూట్లు వెయ్యాల్నని రూల్ వచ్చింది. నాకేమో బూట్ల కాలు ఒదగలే. ఉత్త కాలికి బంతి యాడ తాకిందో తెలుస్తది. బూట్లల్ల ఏం తెలువదు. గందుకే ఒక్కొక్క క్లబ్బు నన్ను ఇడిశిపెట్టింది."

బొల్లారంలో మిలటరీ మెస్సులో గిన్నెలు కడగడానికి పోయి సిపాయిల దగ్గర బంతాట నేర్చుకున్నవాడు వాడు. సికింద్రాబాదులో రెండేళ్ళు ఆడాడు. బెంగుళూరులో ఒక ఏడు. కలకత్తాలో ఒక సీజను ఉన్నాడు కాని, ఆడింది నాలుగు ఆటలేనట. తర్వాత బొంబాయి, భుసావళ్, షోలాపూరు మిల్లు. ఎప్పుడో ఒక కార్డు ముక్క వచ్చేది. వచ్చిన ప్రతిసారీ అడ్రసు మారేది.

"ఎన్ని గోల్లు కొట్టినవు బిడ్డా ఇన్నేండ్లల్ల?" అని అమ్మ అడిగింది. ఆ మాట ఎక్కడ విన్నదో.

"రెండో మూడో."

"గంతేనా? మరి ఇన్నొద్దులు ఏం ఆడినవు?"

"ఎనకటోని దగ్గర తీస్కోని ముందటోనికి అందిస్తనమ్మా. గోల్ వాడు కొడ్తడు. నన్ను హాఫ్ అంటరు."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నవ్వాను. మంచి నవ్వు కాదు.

"ఎవనిదో తీసుకోని ఎవనికో ఇచ్చుడు. మంచి పనే దొరికింది నీకు," అన్నాను.

వాడికి అది ఎటు తగలాలని అన్నానో అర్థం కాలేదు. తల ఊపాడు. మొగులమ్మకు అర్థమైంది. వాడి ముందు జొన్న గటక గిన్నె చప్పుడయ్యేటట్టు పెట్టి, "దొరింట్ల తిని రాకపోయినవా?" అంది.

ఊరంతా ఆ 'హాఫ్' మాట పాకింది. కల్లు దుకాణం ముందు సంగయ్య అనేవాడు వాణ్ణి ఆపి, "పదకొండేండ్లాయె, ఇంక హాఫేనా? ఫుల్లు ఎన్నడైతవురా?" అన్నాడు. అప్పటి నుంచి ఊళ్ళో వాడు హాఫ్ రాములు.

వాడు ఏమీ అనేవాడు కాదు. పొద్దున్నే లేచి పటాన్‌చెరు రోడ్డు దాకా ఉరికి వచ్చేవాడు. వారానికి నాలుగు రోజులు చిన్నదొర జీపు వచ్చి సంగారెడ్డికి తీసుకుపోయేది. మిగతా రోజుల్లో పొలం దగ్గరికి వచ్చి గట్టు మీద నిలబడేవాడు.

ఒకరోజు నేను జొన్న సాళ్ళ మధ్య కలుపుకు గుంటుక తోలుతుంటే, "జెర ఇయ్యరాదే, నేను గొడ్త రెండు సాళ్ళు," అంటూ దిగాడు.

"ముట్టకు."

"ఏమైతదే?"

"ముట్టకన్న. ఇయ్యాల గుంటుక వట్టి, రేపు తహసీల్ కచేరిల నేను గూడ దున్నిన అంటవు."

"ఏ కచేరి?"

నేను ఎడ్లను అదిలించాను. నటిస్తున్నాడనుకున్నాను. వాడికి ఏమీ తెలియదన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. తెలియని మొహం నా ఎదురుగానే ఉంది. నేను దాన్ని చూడదలుచుకోలేదు.

ఆ చెల్క మీద ఇప్పుడు ఒక కంపెనీ కాంపౌండు గోడ నిలబడి ఉంది. అది వేరే కథ. కాని ఆ నేల కోసం నేను ఎంత దూరం పోయానో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

* * *

శ్రావణంలో తహసీలు జవాను నోటీసు తెచ్చాడు. నోటీసు చిన్నరాములు పేరు మీద. ఉర్దూ కింద తెలుగులో కూడా రాసి ఉంది. నేను చదివాను. కౌలుదారు తన ఇష్టంతో భూమి వదులుకుంటున్నట్టు పట్టాదారు తెలియజేశాడు, ఆ సంగతి విచారించడానికి ఫలానా తేదీన హాజరు కావాలి అని ఉంది.

వాడు కొట్టం ముందు బూట్లకు నూనె రాస్తున్నాడు. నేను నోటీసు వాడి మొహం మీద విసిరాను.

"ఎన్నడు రాసిచ్చినవురా?"

"ఏందన్నా?"

"రాజీనామా! దొరకు ఎన్నడు రాసిచ్చినవు? జీపు ఎక్కినందుకా, కప్తాన్ చేసినందుకా? ఎంతకు తెగనమ్మినవు మమ్ముల?"

వాడు నోటీసు తిప్పి చూశాడు. వాడికి తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. పెదవులు కదుపుతూ చదివాడు. చదువుతుంటే వాడి మొహంలో రంగు పోవడం నేను చూశాను. దొరికిపోయినవాడి మొహం అట్లాగే ఉంటుందనుకున్నాను.

"నేనేం రాసియ్యలేదే. నన్ను ఆటకు పిలిచిన్రు," అన్నాడు మెల్లగా.

"నీ ఆట ఎవనికి గావాలెరా! గోరు లేదు, గోల్ లేదు. ముప్పై ఏండ్లు దాటినోన్ని షోలాపూర్ దాక మనిషిని తోలి తెస్తరా ఆటకు?"

వాడు ఏదో అనబోయాడు. నా చేతిలో ముల్లుకర్ర ఉంది. ఒకటి భుజం మీద పడింది. రెండోది నుదుటి మీద తగిలి చీరుకుపోయింది. వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. నాకంటే బలమైనవాడు. పదకొండేళ్ళు మైదానాల్లో మొనగాళ్ళతో భుజాలు రాసుకున్నవాడు. తోసేస్తే నేను పోయి ఎడ్ల కింద పడేవాణ్ణి. ఊరికే నిలబడ్డాడు. రక్తం కనుబొమ్మ మీది నుంచి కారుతుంటే తుడుచుకోలేదు.

అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి నా చేతిలోని కర్ర లాక్కుంది.

వాడు పెట్టె తీసుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఆ రోజు జీపు రాలేదు. పటాన్‌చెరు దాకా నడిచి, అక్కడ బీదర్ బస్సెక్కి సంగారెడ్డి పోయి క్లబ్బు గదిలో దిగాడని తర్వాత తెలిసింది.

అమ్మ ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నేను ఇంట్లో ఉంటే అన్నం ముట్టేది కాదు. నేను పొలానికి పోయాక మొగులమ్మ పెడితే తినేది. ఒకే కప్పు కింద నలభై రోజులు అట్లా గడిచాయి. జొన్న నడుము దాటి కంకి దాకా వచ్చింది. ఊళ్ళో ఎవరి జొన్నా అంత బాగా లేదు. అమ్మకు చెబితే అటు తిరిగి పడుకుంది.

భాద్రపదం చివర, కచేరి తేదీకి ముందురోజు, తనంతట తానే నోరు విప్పింది.

"రేపు వాడు కచేరికి వస్తడు గద. ఆడికెల్లి వాన్ని తోల్కరా. తోల్కరాకుంటే నువ్వు గూడ రాకు."

* * *

నేను ఆ రోజే బయల్దేరాను. తమ్ముడిని పట్టుకుని, బెదిరించో కాళ్ళు విరగ్గొట్టో ఆ సంతకం ఆపాలన్నదే నా ఆలోచన. సంగారెడ్డిలో దిగేసరికి జనమంతా ఒకటే దిక్కు పోతున్నారు. జైలు పక్క మైదానంలో షీల్డు ఫైనల్. చిన్నదొర టీముకూ సికింద్రాబాదు నుంచి వచ్చిన టీముకూ ఆట.

నేను రెండేళ్ళు చూసిన జైలు గోడకు ఇవతల వైపు ఎన్నడూ నిలబడలేదు. ఆ గోడకే వీపు ఆనించి నిలబడ్డాను. అప్పటిదాకా నేను బంతాట చూసింది లేదు.

వాణ్ణి పట్టుకోవడం కష్టం కాలేదు. నుదుటి మీద దెబ్బ ఎండి నల్ల మచ్చగా కనబడుతోంది. వాడి ఆట నాకు మొదట అర్థం కాలేదు. బంతి ఎక్కడుంటే అక్కడ వాడు ఉండడం లేదు. బంతి రాబోయే చోట ఉంటున్నాడు. వచ్చిందా, ఒక్కసారి తల ఎత్తి చూసి ఇంకొకరికి తోసేస్తున్నాడు. ఉంచుకోవడం లేదు. ఎదుటివాడు దూసుకొస్తే భుజం అడ్డం పెట్టి, వాడి కాళ్ళలోంచి లాగి, మళ్ళీ తనవాళ్ళలో ఎవరికో ఇస్తున్నాడు. చప్పట్లు మాత్రం ముందు ఉరికేవాళ్ళకు. మొదటి సగంలో ఒక గోల్ పడింది. బంతి వాడి దగ్గర్నుంచే పోయింది. జనం కొట్టినవాడి పేరు పెట్టి అరిచారు. తమ్ముడు అప్పటికే వెనక్కి నడిచి తన చోట నిలబడి ఉన్నాడు.

నా పక్కన నిలబడ్డ ముసలాయన ఒకడు, "హాఫ్ మంచిగ దొరికిండు వీళ్ళకు," అన్నాడు.

సగం ఆట కాగానే అందరూ షామియానా కిందికి పోయారు. అక్కడ చిన్నదొర ఉన్నాడు. పక్కన మా పట్వారీ, చంకలో దస్త్రం. చిన్నదొర తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. పట్వారీ కాగితం పరిచి, పెన్ను మూత తీసి అందించాడు. నేను జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాను. మధ్యలో తాడు కట్టి ఉంది, పోలీసు ఆపాడు. అరిచాను. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు.

తమ్ముడు పెన్ను పట్టుకోలేదు. తల అడ్డంగా ఊపాడు. చిన్నదొర నవ్వుతూ ఏదో అన్నాడు. వాడు మళ్ళీ తల ఊపాడు. చిన్నదొర నవ్వు పోయింది. పట్వారీ కాగితం మడిచి దస్త్రంలో పెట్టుకున్నాడు. చిన్నదొర మిగతా ఆటగాళ్ళను దగ్గరికి పిలిచి రెండు మాటలు చెప్పాడు. అంతే. ఈల వేశారు.

ఆ కాలంలో ఆట మొదలయ్యాక మనిషిని మార్చడం ఉండేది కాదు. తీసేస్తే పది మందితో ఆడాలి. అందుకని వాణ్ణి తీసెయ్యలేదు. ఇంకో పని చేశారు.

వాడికి బంతి ఇవ్వడం మానేశారు.

కాసేపటి దాకా నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది, నాకే కాదు, జనానికీ తెలిసింది. వాడు చెయ్యి ఎత్తుతున్నాడు, "ఇటు, ఇటు" అంటున్నాడు. పక్కన నాలుగడుగుల దూరంలో ఉన్నవాడు వాణ్ణి చూసి, కావాలని అటు తిరిగి ఎదుటివాళ్ళ కాళ్ళలోకి కొడుతున్నాడు. తమ్ముడు ఉరికి పోయి ఎదుటివాళ్ళ దగ్గర లాక్కుంటున్నాడు. లాక్కుని మళ్ళీ ఆ తిరిగినవాడికే ఇస్తున్నాడు. అతను తిరిగి ఇవ్వడం లేదు. గోల్ కీపరు షంషేర్ ఒక్కడే రెండుసార్లు బంతిని చేత్తో వాడి కాళ్ళ దగ్గరికి దొర్లించాడు. షామియానా నుంచి చిన్నదొర కేక వేశాక అతనూ మానేశాడు.

జనం నవ్వడం మొదలుపెట్టారు. "హాఫ్ సాబ్, ఇంటికి పో!" అని ఎవడో అరిచాడు. ముప్పై అయిదు నిమిషాలు వాడు ఉరుకుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా నడవలేదు. ఒక్కసారి కూడా బంతి ఉంచుకుని సొంతానికి పోలేదు. మూడు గోల్స్ పడి చిన్నదొర టీము ఓడిపోయింది.

ఆట అయిపోగానే వాడు జనంలో కలిసిపోయాడు. నేను వెతుకుతుంటే షంషేర్ నన్ను చూశాడు. పోలికలు పట్టి గుర్తుపట్టినట్టున్నాడు.

"పెద్దరాములు నువ్వేనా భాయ్? దెబ్బ నువ్వు కొట్టిందేనట గద."

నేను నేల చూశాను.

"వారం దినాల సంది వెంట వడ్డరు సంతకం కోసం. ఆట బంద్ అయినంక కూడ క్లబ్బుల నౌకరీ ఇస్తం, ఉండనీకి కమ్ర ఇస్తం అన్నరు. నేను గూడ చెప్పిన, పెట్టు, ఇంకెవరిస్తరు మనకు ఈ ఉమర్‌ల అని. వాడేమన్నడో ఎరికేనా? 'నన్ను ఆటకు పిలిచిన్రనుకున్న షంషేర్, సంతకానికి పిలిచిన్రు' అన్నడు. గంతే. ఇప్పుడు కమ్రల కెల్లి వాని పెట్టె రోడ్డు మీద పారేసిన్రు. మా ఇంట్ల ఉంటడు ఇయ్యాల. రా, కలుద్దువు గాని."

నేను పోవాల్సింది.

"రేపు కచేరిల కలుస్త," అన్నాను.

షంషేర్ నన్ను కింది నుంచి మీది దాకా చూసి వెళ్ళిపోయాడు.

* * *

కచేరిలో తహసీల్దారు కొత్తగా వచ్చిన మనిషి. కళ్ళద్దాలు, తక్కువ మాటలు. ఒక పక్క పట్వారీ, దొర వకీలు. ఇంకో పక్క తమ్ముడు. నేను తలుపు దగ్గర.

"నువ్వేనా చిన్నరాములు? భూమి వదులుకుంటానన్నావట, నిజమేనా?"

"కాదు సార్. నేను అనలేదు."

వకీలు లేచాడు. ఈ మనిషి ఒక్కనాడు కూడా భూమి దున్నలేదనీ, పదకొండేళ్ళుగా ఊళ్ళోనే లేడనీ, ఇతను కౌలుదారు ఎట్లా అవుతాడనీ అడిగాడు.

"నిజమే సార్," అన్నాడు తమ్ముడు. "నేను దున్నలే. నాకు నాగలి పట్టుడు రాదు. మా తాత దున్నిండు, మా నాయిన దున్నిండు, మా అన్న దున్నుతున్నడు. అన్న జైల్ల ఉంటే నా పేరు రాసుకున్నరు. తప్పు వడ్డది. అన్న పేరు రాయుండ్రి."

తహసీల్దారు పాత రిజిస్టర్లు తెప్పించాడు. నాయిన పేరు చూశాడు. పట్వారీని రెండు ప్రశ్నలు అడిగాడు. పట్వారీ తడబడ్డాడు. ఆఖరికి తహసీల్దారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"కౌలు మీ తండ్రిది. ఆయన కొడుకులుగా మీ ఇద్దరికీ హక్కు ఉంది. దున్నకపోయినా నీ భాగం నీకు పోదు. రెండు పేర్లూ రాయమంటావా, మీ అన్న పేరు ఒక్కటే రాయమంటావా?"

తమ్ముడు వెనక్కి తిరిగి నా దిక్కు చూశాడు.

వాడు అట్లా చూసింది ఎంతసేపో నేను చెప్పలేను. నేను రెండు పేర్లూ రాయండి అనొచ్చు. మూడు మాటలు. నా ఎదురుగా బల్ల మీద సిరాబుడ్డి ఉంది. దాని మూత పక్కన ఒక ఈగ వాలింది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. రేపు వీడి భాగం దొర ఇంకో రకంగా గుంజుకుంటే? రేపు వీడు పెళ్ళి చేసుకుని సగం పంచమంటే? కారణాలు నాకు చాలానే ఉన్నాయి. అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

"ఒక్కటే రాయుండ్రి సార్. అన్న పేరే," అన్నాడు వాడు.

గుమాస్తా రాసుకున్నాడు. వాడు ఇంగ్లీషులో సంతకం పెట్టాడు. క్లబ్బుల రిజిస్టర్లలో పెట్టి పెట్టి అలవాటైన సంతకం, గీత ఎక్కడా ఆగలేదు. నేను దాని కింద తెలుగులో పెట్టాను.

బయటికి వచ్చాక వాడు గేటు పక్కన పెట్టిన రేకు పెట్టె ఎత్తుకున్నాడు.

"ఇంటికి రా. అమ్మ తోల్కరమ్మన్నది. తిని పోదువు," అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. ఆ నాలుగు నెలల్లో వాడి కళ్ళలో కోపం చూసింది అప్పుడే.

"కొట్టినవు, ఏమనలే. తిట్టినవు, ఏమనలే. నా తప్పు లేకున్నా, నీ భూమి నీ భయం అనుకున్న. ఇందాక లోపట నిన్ను సూసిన గద అన్నా. నేను భాగం కోసం సూసిననుకున్నవా?"

వాడు పెట్టె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"భాగం ఇచ్చినా నేనేం జేసుకుందును! వద్దని నేనే అందును. నువ్వు అంటవా అనవా అని సూసిన."

పెట్టె భుజానికెత్తుకుని బస్టాండు దిక్కు పోయాడు. నేను వెంట పోలేదు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. భూమి నిలిచింది అన్నాను. అమ్మ గోడ దిక్కు తిరిగి పడుకుంది. వాడు వచ్చిన దగ్గర్నుంచీ వాడికి గిన్నె విసిరి పెట్టిన మొగులమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"నీ దిక్కు సూసిండా?"

"సూసిండు."

"నువ్వేమన్నవు?"

నేను కాళ్ళు కడుక్కోవడానికి బయటికి పోయాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు కాపురం చేశాం. మొగులమ్మ ఎన్నడూ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. కాని ఎప్పుడు దేనికి గొడవ పడ్డా, ఆ ప్రశ్న అడిగిన నాటి చూపు ఒకటి చూసేది.

* * *

ఆ ఏడు జొన్న విరగ పండింది. కోతలు అయ్యాక షంషేర్ ద్వారా తెలిసింది, తమ్ముడు నాందేడులో ఒక మిల్లు టీములో చేరాడని. బస్తాడు జొన్నలు కట్టుకుని రైలెక్కాను. ఎనిమిది ఎకరాల పంట ఇంట్లో ఉంది, తీసుకుపోయింది ఒక్క బస్తా. అది కూడా మొగులమ్మ కట్టి గుమ్మంలో పెడితేనే.

మిల్లు వెనక మైదానం. సాయంత్రం. రెండు జట్లుగా ఆడుతున్నారు. అందరికంటే వయసున్నవాడు వాడే. జుట్టు పలచబడిందని అప్పుడే గమనించాను. కుడి మోకాలికి గుడ్డ పట్టీ కట్టుకున్నాడు. నన్ను చూసి గీత దగ్గరికి వచ్చాడు.

"అమ్మ మంచిగున్నదా?"

"ఉన్నది. నీ పేరే తల్సుకుంటది."

"ఒదినె?"

"ఉన్నది. జొన్నలు పంపింది."

వాడు బస్తా దిక్కు చూశాడు. ముట్టుకోలేదు.

"తమ్మీ," అన్నాను. ఆ మాట వాణ్ణి పిలిచి ఎన్నేళ్ళయిందో. "పేరు మళ్ళ రాయిస్త. సంగారెడ్డి పోదాం రా. రెండు పేర్లు రాయిస్త."

వెనక నుంచి ఎవరో వాణ్ణి మరాఠీలో పిలిచారు. వాడు అటు తిరిగి చెయ్యి ఎత్తాడు.

"ఆట నడుస్తున్నది. పోవాలె," అన్నాడు.

"పో. అయిపోయేదాక ఇక్కడనే ఉంట."

వాడు ఉరికాడు. నేను బస్తా మీద కూర్చుని చూశాను. బంతి వాడి దగ్గరికి వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. చీకటి పడి బంతి కనబడకుండా అయ్యేదాకా ఆడారు. తర్వాత ఒక్కొక్కరే గేటు దాటి పోతూ నా పక్క నుంచే నడిచారు. నేను లేచి నిలబడి ప్రతి మొహమూ చూశాను. చివరివాడు పోయాక చౌకీదారు వచ్చి గేటు మూస్తానన్నాడు. ఇంకొకరు రావాలి అన్నాను.

ఆ మైదానానికి అవతల ఇంకో గేటు ఉందని ఆయన చెప్పాడు.